హైదరాబాద్ నుంచి డల్లాస్‌కి దూరమెంత, ప్రయాణం ఎన్ని గంటలు? తరచుగా అడిగే ప్రశ్నలు

టెక్సస్‌లో కొడుకో కూతురో ఉన్న ఇళ్లు మన ఊళ్లలో ఇప్పుడు చాలానే ఉన్నాయి. టికెట్ తీసే ముందు అందరూ అడిగేది దాదాపు ఒకటే: ఎంత దూరం, ఎన్ని గంటలు, ఎక్కడ మారాలి? ఆ ప్రశ్నలకు ఇక్కడ వీలైనంత వివరంగా జవాబులు రాశాను. మొదటిసారి విమానం ఎక్కబోయే అమ్మానాన్నలనే ఎక్కువగా దృష్టిలో పెట్టుకున్నాను, ఎందుకంటే ఈ లెక్కల్లో పొరపాటు జరిగితే ఎక్కువగా ఇబ్బంది పడేది వాళ్లే.

హైదరాబాద్, డల్లాస్ మధ్య ఆకాశమార్గంలో దూరం ఎంత?

శంషాబాద్ విమానాశ్రయం నుంచి డల్లాస్–ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయానికి, భూగోళం మీద అతి దగ్గరి దారిలో కొలిస్తే సుమారు 14,400 కిలోమీటర్లు. మైళ్లలో అయితే దాదాపు 8,960. భూమి మీద ఏ రెండు చోట్లు తీసుకున్నా వాటి మధ్య దూరం దాదాపు 20,000 కిలోమీటర్లకు మించదు. అంటే మనం వెళ్లగలిగే గరిష్ఠ దూరంలో ఇది డెబ్బై శాతం పైమాటే.

ఇంతకీ దాటేది ఏ మహాసముద్రం? అట్లాంటిక్కా, పసిఫిక్కా?

గోడ మీది మ్యాప్ చూసి చాలామంది అట్లాంటిక్ అంటారు. కానీ అతి దగ్గరి దారిలో పోతే రెండూ కావు, ఆర్కిటిక్! ఇంట్లో పిల్లల గ్లోబు ఉంటే ఒక దారం తీసుకుని ఒక కొన హైదరాబాద్ మీద, మరో కొన డల్లాస్ మీద పెట్టి బిగువుగా లాగి చూడండి. దారం పడమటికీ పోదు, తూర్పుకీ పోదు. నేరుగా ఉత్తరానికి లేస్తుంది. లదాఖ్, మధ్య ఆసియా, సైబీరియా మీదుగా పైకి పోయి, ఉత్తర ధ్రువానికి సుమారు 500 కిలోమీటర్ల దగ్గరగా వెళ్లి, అవతలి వైపు కెనడా మీదుగా దిగి టెక్సస్ చేరుతుంది.

కారణం రేఖాంశాల్లో ఉంది. హైదరాబాద్ ఉన్నది తూర్పు రేఖాంశం 78 డిగ్రీల దగ్గర, డల్లాస్ ఉన్నది పశ్చిమ రేఖాంశం 97 డిగ్రీల దగ్గర. రెండూ కలిపితే 175. ఇంకో ఐదు డిగ్రీలు ఉంటే రేఖాంశాల లెక్కలో రెండు ఊళ్లూ భూమికి సరిగ్గా అటూ ఇటూ ఉన్నట్టే. అలాంటి రెండు ఊళ్ల మధ్య దగ్గరి దారి ధ్రువం పక్క నుంచే పోతుంది. గుండ్రటి భూమిని కాగితం మీద పరిచినప్పుడు ధ్రువాల దగ్గరి ప్రాంతాలు విపరీతంగా సాగిపోతాయి కాబట్టి ఈ సంగతి మ్యాప్‌లో కనిపించదు.

నిజంగా మీరు ఎక్కే విమానం మాత్రం ఈ దారిలో పోదు. దోహాలోనో దుబాయ్‌లోనో మారితే తుర్కియే, ఐరోపా వైపు నుంచి అట్లాంటిక్ ఉత్తర భాగం దాటి, గ్రీన్‌లాండ్ దక్షిణపు కొసల దగ్గరగా, కెనడా మీదుగా అమెరికాలోకి దిగుతారు. కిటికీ పక్క సీటు దొరికి, మబ్బు లేకపోతే గ్రీన్‌లాండ్ మంచు కొండలు తప్పకుండా చూడండి. సీటు ముందున్న తెరలో మ్యాప్ పెట్టుకుంటే ఎప్పుడు వస్తుందో తెలుస్తుంది.

అమెరికాలో హైదరాబాద్‌కి అన్నిటికంటే దగ్గరి నగరం న్యూయార్కేనా?

కాదు. మనవాళ్లు ఎక్కువగా వెళ్లే పెద్ద నగరాల్లో దగ్గరిది సియాటిల్, సుమారు 12,500 కిలోమీటర్లు. న్యూయార్క్ దాదాపు 12,970. తర్వాత షికాగో 13,300, శాన్‌ఫ్రాన్సిస్కో 13,500, అట్లాంటా 14,100. డల్లాస్ 14,400, హ్యూస్టన్ 14,700 వీటన్నిటికంటే దూరం. పడమటి తీరంలోని శాన్‌ఫ్రాన్సిస్కో కంటే మధ్యలో ఉన్న డల్లాస్ దూరం అంటే మొదట ఎవరికీ నమ్మబుద్ధి కాదు. ధ్రువం మీదుగా దిగుతున్నామని గుర్తుంచుకుంటే, ఎంత దక్షిణాన ఉంటే అంత దూరమని అర్థమవుతుంది.

హైదరాబాద్ నుంచి డల్లాస్‌కి నాన్‌స్టాప్ ఫ్లైట్ ఉందా?

లేదు. ఎక్కడో ఒకచోట మారాల్సిందే. హైదరాబాద్ నుంచి అమెరికాకి నాన్‌స్టాప్ అసలు ఎప్పుడూ లేదని కాదు. 2021 జనవరిలో ఎయిరిండియా షికాగోకి వారానికి ఒక ఫ్లైట్ మొదలుపెట్టింది, తర్వాత అది ఆగిపోయింది.

విమానాలు అంత దూరం ఆగకుండా పోలేవా?

పోగలవు. సింగపూర్ ఎయిర్‌లైన్స్ సింగపూర్ నుంచి న్యూయార్క్‌కి 15,300 కిలోమీటర్లకు పైగా ఆగకుండా నడుపుతోంది, దాదాపు 19 గంటల ప్రయాణం. ధ్రువం మీదుగా పోవడమూ కొత్త కాదు. 2021 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకి అందరూ మహిళా పైలట్లే ఉన్న ఎయిరిండియా విమానం ఉత్తర ధ్రువం మీదుగా సుమారు 14,000 కిలోమీటర్లు, 17 గంటల్లో వచ్చింది. దానికి కెప్టెన్ జోయా అగర్వాల్. ఆ బృందంలో మన తెలుగమ్మాయి కెప్టెన్ పాపగారి తన్మయి కూడా ఉన్నారు. ఆ వార్త చదివిన రోజు కలిగిన గర్వం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

ఇబ్బంది లెక్కల్లో వస్తుంది. 16, 17 గంటల ఇంధనం మోయాలంటే ఆ బరువుకే మళ్లీ ఇంధనం కావాలి. సరుకు తగ్గించాలి, ఒక్కోసారి సీట్లు ఖాళీగా వదలాలి. పైగా హైదరాబాద్ నుంచి నేరుగా ఉత్తరానికి పోతే హిమాలయాలు, కారకోరం అడ్డం. క్యాబిన్‌లో గాలి పీడనం పడిపోతే విమానం వెంటనే 10,000 అడుగులకు దిగాలి. కింద 20,000 అడుగుల కొండలుంటే ఎక్కడికి దిగుతుంది? అందుకే ఆ వైపు ముందే ఖాయం చేసిన దారుల్లోనే, చాలావరకు కొండలను తప్పించి పోతారు. ధ్రువం దగ్గర బయటి చలికి ఇంధనం గడ్డకట్టే స్థాయికి చేరకుండా చూసుకోవడం ఇంకో పని.

మరి మొత్తం ప్రయాణం ఎన్ని గంటలు?

ఒక్కచోట మాత్రమే మారితే, మంచి కనెక్షన్ దొరికితే, శంషాబాద్‌లో విమానం కదిలిన క్షణం నుంచి డల్లాస్‌లో ఆగే దాకా 22 నుంచి 26 గంటలు. ఎక్కువమంది వెళ్లే దారులు ఇవి.

దోహా మీదుగా: హైదరాబాద్–దోహా 2,900 కిలోమీటర్లు, నాలుగు గంటల పైచిలుకు. దోహా–డల్లాస్ 12,750 కిలోమీటర్లు, 16 గంటలకు కాస్త అటూ ఇటూ.

దుబాయ్ మీదుగా: 2,550, ఆ తర్వాత 12,900. సమయం దాదాపు అంతే.

లండన్ మీదుగా: 7,750, ఆ తర్వాత 7,630. రెండు ముక్కలూ పది, పదిన్నర గంటల చొప్పున. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా పోయినా మొత్తం దూరం దాదాపు ఇంతే.

మొత్తం కిలోమీటర్లు కూడితే లండన్, ఫ్రాంక్‌ఫర్ట్, దుబాయ్, దోహా అన్నీ దాదాపు 15,400 నుంచి 15,700 మధ్యే. అంటే దూరం చూసి ఎంచుకోవాల్సింది ఏమీ లేదు. తేడా అంతా ప్రయాణం ఎలా ముక్కలవుతుందన్న దాంట్లో ఉంది. గల్ఫ్ దారిలో నడుం వాల్చి నిద్రపోయేలోపే దోహా వచ్చేస్తుంది, ఆ తర్వాత ఏకబిగిన 16 గంటలు కూర్చోవాలి. లండన్ దారిలో సగం సగం. మోకాళ్ల నొప్పులు, నడుం నొప్పి ఉన్నవాళ్లకు సగం సగమే మేలని నా అభిప్రాయం. అర్ధరాత్రి నిద్ర చెడితే తట్టుకోలేనివాళ్లు కూడా ఆ దారి ఒకసారి చూడాలి.

వెళ్లేటప్పుడు కంటే వచ్చేటప్పుడు గంటో రెండు గంటలో తక్కువ చూపిస్తుంది. ఎందుకు?

గాలి. విమానాలు ఎగిరే 30,000–40,000 అడుగుల ఎత్తులో, ఐరోపా, అమెరికా ఉండే అక్షాంశాల మీద పడమటి నుంచి తూర్పుకి బలమైన గాలి వీస్తుంటుంది. జెట్ స్ట్రీమ్ అంటారు. ఒక్కోసారి గంటకు 200 కిలోమీటర్లు దాటుతుంది, చలికాలంలో ఇంకా ఎక్కువ. అమెరికాకి పోయేటప్పుడు ఎదురుగాలి, ఇంటికి వచ్చేటప్పుడు వెనక నుంచి తోపు. అందుకే దోహా నుంచి డల్లాస్‌కి 16 గంటలు పట్టే దారి, తిరుగు ప్రయాణంలో పద్నాలుగున్నర, పదిహేను గంటల్లో అయిపోతుంది. 2020 ఫిబ్రవరిలో ఒక తుపాను గాలి అందుకుని బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం ఒకటి న్యూయార్క్ నుంచి లండన్‌కి 4 గంటల 56 నిమిషాల్లో చేరింది. మామూలుగా దానికి ఆరేడు గంటలు.

టికెట్‌లో తెల్లవారుజామున 4కి బయల్దేరి అదే రోజు సాయంత్రం 4కి చేరతారని ఉంది. పన్నెండు గంటలేనా?

కాదు. టికెట్ మీద ప్రతి సమయమూ ఆ ఊరి గడియారం ప్రకారమే ఉంటుంది. చలికాలంలో డల్లాస్ మనకంటే 11 గంటల 30 నిమిషాలు వెనక. ఆ పన్నెండుకి ఇది కలపండి, అసలు ప్రయాణం 23 గంటల 30 నిమిషాలు. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా అమెరికాలో గడియారాన్ని గంట ముందుకు జరుపుతారు, అప్పుడు తేడా 10 గంటల 30 నిమిషాలే.

తిరిగి వచ్చేటప్పుడు ఇది తలకిందులవుతుంది. చలికాలంలో శుక్రవారం సాయంత్రం 6కి డల్లాస్‌లో ఎక్కి 22 గంటలు ప్రయాణిస్తే, శంషాబాద్‌లో దిగేది ఆదివారం తెల్లవారుజామున మూడున్నరకి. శనివారం మొత్తం దారిలోనే పోతుంది. ఆదివారం ఉదయం పెళ్లి ముహూర్తం ఉందని శుక్రవారం టికెట్ తీస్తే, పెళ్లికొచ్చేసరికి ఒంట్లో ఓపిక ఉండదు. కనీసం రెండు రోజులు ముందు వచ్చేలా చూసుకోండి.

రాత్రి 2 గంటల ఫ్లైట్ అంటే ఏ రోజు ఎయిర్‌పోర్ట్‌కి పోవాలి?

దీని గురించి చదువుకున్నవాళ్లు కూడా తికమకపడతారు. టికెట్‌లో 10వ తేదీ 02:00 అని ఉంటే, మీరు ఇంట్లో కదలాల్సింది 9వ తేదీ రాత్రి. హైదరాబాద్ నుంచి అంతర్జాతీయ విమానాలు ఎక్కువగా అర్ధరాత్రి దాటాకే ఉంటాయి కాబట్టి ఇది చాలా ముఖ్యం. ఇంట్లో క్యాలెండర్‌లో 10 చుట్టూ కాకుండా 9 చుట్టూ గీత గీసి, పక్కన 'రాత్రి 9కి ఇంట్లో బయల్దేరాలి' అని రాసి పెట్టండి.

విజయవాడ, గుంటూరు, కరీంనగర్ వైపు నుంచి వచ్చేవాళ్లు మొత్తం ఎంత సమయం అనుకోవాలి?

ఇంటి గుమ్మం నుంచి గుమ్మానికి లెక్క వేసుకోవాలి. విజయవాడనే తీసుకుంటే రోడ్డు మీద శంషాబాద్‌కి ఐదారు గంటలు. హైవే మీద ఆగేది, ఔటర్ మీద ట్రాఫిక్ కలుపుకోండి. విమానానికి కనీసం మూడున్నర, నాలుగు గంటల ముందు ఉండాలి. ఆపైన విమాన ప్రయాణం 23 నుంచి 25. డల్లాస్‌లో ఇమిగ్రేషన్, సామాన్లు కలిపి గంట నుంచి రెండు గంటలు. అక్కణ్నుంచి డల్లాస్ చుట్టుపక్కల ఊళ్లలో ఇర్వింగ్ అయితే పక్కనే, ప్లేనో, ఫ్రిస్కో అయితే ఇంకో ముప్పావు గంట. కూడితే 35 గంటల దగ్గరికి వస్తుంది.

అందుకే పెద్దవాళ్లయితే ఒకరోజు ముందే హైదరాబాద్ చేరి, ఏ బంధువుల ఇంట్లోనో కాసేపు పడుకుని బయల్దేరడం మంచిది. ఆ ఒక్క రాత్రి నిద్ర డల్లాస్ చేరేదాకా పనికొస్తుంది. నగరంలో ఉన్నవాళ్లకు ఆర్టీసీ పుష్పక్ బస్సులు ఉన్నాయి, కానీ నాలుగు పెద్ద సూట్‌కేసులతో అయితే కారే నయం.

కొన్నేళ్ల కిందట ఇంత టైం పట్టేది కాదు కదా?

నిజమే, కొన్ని దారుల్లో పెరిగింది. 2022 నుంచి అమెరికా, బ్రిటన్, ఐరోపా యూనియన్ దేశాల విమానాలు రష్యా మీదుగా పోవడం లేదు. 2025 ఏప్రిల్ నుంచి పాకిస్తాన్ మన విమానాలకు తన గగనతలం మూసేసింది, దాంతో ఢిల్లీ నుంచి అమెరికా పోయే భారతీయ విమానాలకు చుట్టుదారి పడింది, కొన్ని మధ్యలో ఇంధనం కోసం ఆగాల్సి వచ్చింది. గల్ఫ్ దారికీ ఇలాంటివి తప్పలేదు. 2025 జూన్ 23న ఖతార్ కొన్ని గంటలు గగనతలం మూసినప్పుడు వేలమంది దారి మధ్యలో చిక్కుకున్నారు. బయల్దేరే వారంలో వార్తలు చూసుకోండి, టికెట్‌లో మీ ఫోన్ నంబరు సరిగ్గా ఉండేలా చూడండి. ఎయిర్‌లైన్ మార్పు చెప్పేది ఆ నంబరుకే. ఏజెంట్ తన నంబరు ఇచ్చి వదిలేస్తే ఆ మెసేజ్ మీకు అందదు.

లేఓవర్ (విమానం మారే చోట ఆగే సమయం) ఎంత ఉంటే మంచిది?

రెండున్నర నుంచి నాలుగు గంటలు. గంటన్నర కంటే తక్కువైతే మొదటి ఫ్లైట్ కాస్త ఆలస్యమైనా రెండోది పోతుంది. ఎనిమిది గంటలు దాటితే టికెట్ ఎంత చవకైనా పెద్దవాళ్లకు వద్దు.

రెండు వేర్వేరు టికెట్లు కలిపి ప్రయాణం కుట్టుకోవడం అన్నిటికంటే ప్రమాదం. ఒకే పీఎన్ఆర్ (బుకింగ్ నంబరు) అయితే మొదటి ఫ్లైట్ ఆలస్యమైనప్పుడు ఎయిర్‌లైనే తర్వాతి దాంట్లో ఎక్కిస్తుంది. వేర్వేరు అయితే కొత్త టికెట్ డబ్బు మీ జేబులోంచే.

న్యూయార్క్, షికాగో లాంటి చోట అమెరికాలోకి అడుగుపెట్టి అక్కడి నుంచి డల్లాస్‌కి లోకల్ ఫ్లైట్ అయితే ఇంకో సంగతి ఉంది. మొదట దిగిన అమెరికా ఊళ్లోనే ఇమిగ్రేషన్ చేసుకుని, సామాన్లు బెల్ట్ మీద నుంచి మీరే తీసుకుని, కస్టమ్స్ దాటాక మళ్లీ అప్పగించాలి. దానికి మూడు గంటలు తక్కువ కాకుండా ఉండాలి.

అమ్మానాన్న ఇద్దరే వస్తున్నారు, ఇంగ్లిష్ అంతగా రాదు. ఏం చేయాలి?

ముందుగా, ఒక్కసారి మాత్రమే మారే టికెట్ తీయండి, పది, పదిహేను వేలు ఎక్కువైనా సరే. టికెట్ తీసేటప్పుడే వీల్‌చెయిర్ అడగండి. నడవగలిగినా అడగండి. అది కాళ్ల కోసం మాత్రమే కాదు. దోహాలోనో లండన్‌లోనో ఒక మనిషి వచ్చి నేరుగా రెండో విమానం గేటు దగ్గరికి తీసుకెళ్తారు, బోర్డులు చదవాల్సిన పని ఉండదు. 'మేము బాగానే నడుస్తాం, మాకెందుకు వీల్‌చెయిర్' అని నాన్నలు మొహమాటపడతారు. నచ్చజెప్పండి.

ఒక తెల్ల కాగితం మీద ఇవి ఇంగ్లిష్‌లో రాసి పాస్‌పోర్ట్‌లో పెట్టండి: మీ పేరు, డల్లాస్‌లో ఇంటి అడ్రసు, మీ ఫోన్ నంబరు, వాళ్లు తిరిగి వెళ్లే తేదీ, వాడే మందుల పేర్లు. ఇమిగ్రేషన్‌లో అడిగేవి మామూలు ప్రశ్నలే. ఎందుకొచ్చారు, ఎన్నాళ్లుంటారు, ఎవరింట్లో ఉంటారు. తెలియని ప్రశ్నకు తలూపకుండా, 'తెలుగు' అని చెప్పి దుబాసీని అడగమనండి. రెండు మూడు రోజులు ముందు వీడియో కాల్‌లో ఈ ప్రశ్నలు మీరే అడిగి అలవాటు చేస్తే వాళ్ల భయం సగం తగ్గుతుంది.

మందులు చేతి బ్యాగులోనే, ప్రిస్క్రిప్షన్‌తో సహా. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు టైం తేడాని బట్టి డోసు ఎప్పుడు వేసుకోవాలో బయల్దేరే ముందు డాక్టర్‌ని అడిగి రాయించుకోవాలి. పదహారు గంటలు కదలకుండా కూర్చుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. గంటకో గంటన్నరకో ఒకసారి లేచి నడవమనండి, నీళ్లు తాగమనండి. బాత్‌రూమ్‌కి లేవాల్సి వస్తుందని నీళ్లు మానేసే అమ్మలు చాలామంది. అందుకే వాళ్లకు నడవ పక్క సీటు ముందే ఎంచి పెట్టండి. శాకాహారం కావాలంటే కనీసం 24 గంటల ముందే బుకింగ్‌లో పెట్టాలి. విమానం ఎక్కాక అడిగితే దొరక్కపోవచ్చు.

ఆవకాయ, కారప్పొడులు, కరివేపాకు తీసుకెళ్లొచ్చా? దీనివల్ల ఆలస్యం అవుతుందా?

ఆవకాయ చెక్-ఇన్ సూట్‌కేసులో, నూనె కారకుండా రెండు మూడు కవర్లు చుట్టి పెట్టండి. చేతి బ్యాగులో పెడితే 100 మిల్లీలీటర్ల నియమం కింద తీసేస్తారు. కందిపొడి, కారప్పొడి కూడా చెక్-ఇన్‌లోనే. అమెరికా పోయే విమానాల్లో 350 మిల్లీలీటర్లు దాటిన పొడులు చేతి బ్యాగులో ఉంటే అదనపు తనిఖీ, ఆలస్యం తప్పవు.

తాజా కరివేపాకు మాత్రం వద్దు. నిమ్మ, నారింజ తోటలను నాశనం చేసే తెగులును మోసుకొచ్చే పురుగు దాని మీద బతుకుతుందని అమెరికా రానివ్వదు. మాంసం, పండ్లు కూడా అంతే. తిండి వస్తువులు ఏవున్నా ఉన్నాయని చెప్పండి. చెప్పినందుకు జరిమానా ఉండదు, దాచి దొరికితే ఉంటుంది.

మధ్యలో మారే దేశానికి వీసా కావాలా?

గల్ఫ్ విమానాశ్రయాల్లో బయటికి రాకుండా మారిపోతే అక్కర్లేదు. ఐరోపా, లండన్ మీదుగా అయితే ఆ దేశాన్ని బట్టి, పాస్‌పోర్ట్‌లో చెల్లుబాటయ్యే అమెరికా వీసా ఉందా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. హెచ్-1బి (అమెరికా ఉద్యోగ వీసా) పొడిగింపు వచ్చినా పాస్‌పోర్ట్‌లో వీసా స్టాంపు గడువు తీరిపోయినవాళ్లు ఇండియాకి వచ్చేటప్పుడు ఈ మధ్య దేశం వీసా దగ్గరే ఇరుక్కుంటారు. టికెట్ తీసే ముందే ఎయిర్‌లైన్‌ని అడగండి.

జెట్ లాగ్ (టైం తేడా వల్ల నిద్ర, ఒళ్లు గాడి తప్పడం) ఎన్నాళ్లుంటుంది?

ఒళ్లు రోజుకి సుమారు గంట చొప్పున సర్దుకుంటుంది, కాబట్టి వారం, పది రోజులు. మనకూ డల్లాస్‌కూ రాత్రీ పగలూ పూర్తిగా తారుమారు. సాయంత్రం చేరితే రాత్రి ఎనిమిది, తొమ్మిది దాకా ఎలాగైనా మేలుకుని ఉండండి. మర్నాడు పొద్దున ఎండలో అరగంట నడవండి. మొదటి నాలుగు రోజులు తెల్లవారుజామున రెండింటికే మెలకువ వస్తుంది, అమ్మ లేచి వంటింట్లో కాఫీ పెట్టుకుంటుంటే కంగారుపడకండి.

విమానం ఎక్కడుందో ఇంట్లోవాళ్లు చూడొచ్చా?

చూడొచ్చు. ఫ్లైట్‌రాడార్24 లాంటి యాప్‌లో ఫ్లైట్ నంబరు కొడితే మ్యాప్ మీద కనిపిస్తుంది. నంబరు టికెట్ మీద ఉంటుంది, మారిన తర్వాత రెండో ఫ్లైట్‌కి వేరే నంబరని మర్చిపోకండి. సముద్రం మీద, గ్రీన్‌లాండ్ దగ్గర గుర్తు కాసేపు మాయమవ్వొచ్చు, లేదా అంచనాగా కదులుతుండొచ్చు. కింద సిగ్నల్ అందుకునే కేంద్రాలు లేకపోవడమే కారణం, విమానానికి ఏమీ కాలేదు. డల్లాస్‌లో దిగినట్టు కనిపించాక కూడా ఇమిగ్రేషన్ హాల్లో ఫోన్లు వాడనివ్వరు కాబట్టి, ఆ తర్వాత రెండు గంటల దాకా ఫోన్ రాకపోయినా ఆందోళనపడాల్సిన పని లేదు.